పద్నాలుగంగుళాల రంపం

ఎనభై ఏడు ఎండాకాలంలో మా వీధిలో నాలుగిళ్ళకి టీవీలు వచ్చాయి. మా ఇంటికి రంపం వచ్చింది.

టీవీ కొందామనే అనుకున్నాం. మా వారు నరసింహంగారు నూజివీడు హైస్కూల్లో లెక్కల మేష్టారు. ఏ వస్తువు కొనాలన్నా ముందు గ్రాఫు కాగితం మీద పట్టిక గీస్తారు. నిలువు గడుల్లో వస్తువులు, అడ్డు గడుల్లో వాటి గుణాలు, చివరి గడిలో ధర. మా ఇంటికి మిక్సీ అలాగే వచ్చింది, కుక్కరు అలాగే వచ్చింది. పెళ్ళిచూపులయ్యాక నా మీద కూడా ఓ పట్టిక గీశారేమోనని నాకు ఎప్పట్నుంచో అనుమానం. అడగలేదు. అందులో నా పక్క గడిలో ఎవరున్నారో తెలుసుకుని ఇప్పుడు చేసేదేముంది?

టీవీ పట్టిక సగంలో ఉండగా, మే నెలాఖరున, యలమంద వచ్చాడు.

మా దొడ్లో పదకొండు మామిడి చెట్లున్నాయి. ఇంకో ఊళ్ళో అయితే దాన్ని తోట అనేవారేమో. నూజివీడులో పదకొండు చెట్లంటే దొడ్డే. కాయ దిగిపోయాక ఎండుకొమ్మలూ అడ్డకొమ్మలూ కొట్టించకపోతే లోపలికి గాలీ వెలుతురూ ఆడవు. ఆ పనికి ఏటా యలమంద గొడ్డలి భుజాన వేసుకుని వచ్చేవాడు. ఆ ఏడు మా వారు పది చెట్లూ చూపించి, పదకొండో దాని దగ్గర ఆగారు.

“దీనికి కొమ్మలక్కర్లేదు. మొత్తం తీసెయ్యాలి.”

యలమంద చెట్టు వంక కాకుండా ఇంటి వంక చూశాడు. “అత్తయ్యగారి చెట్టండీ ఇది.”

“అయితే?”

“కాసే చెట్టండి. కాసే చెట్టుమీద మొదటి దెబ్బ చెట్టుగలోళ్ళు వెయ్యాలండి. మా నాయన కాణ్ణించీ అంతే. అత్తయ్యగార్ని వచ్చి ఒక్క దెబ్బ వెయ్యమనండి, పొద్దుగూకేసరికి పడగొట్టేస్తాను.”

“నేల నాది కదయ్యా!”

“నేలకి నేనేం చెయ్యట్లేదు కదండీ.”

మా వారికి తర్కంతో కొడితే కోపం రాదు, కానీ జవాబు దొరక్కపోతే వస్తుంది. యలమందని పంపేసి ముసునూరు దాకా సైకిలు మీద వెళ్ళి ఇద్దరు ముగ్గుర్ని అడిగొచ్చారు. ఆ చుట్టుపక్కల గొడ్డలి పట్టేవాళ్ళంతా యలమందకి బావమరుదులో అల్లుళ్ళో అవుతారు. జవాబు మారలేదు.

ఆ సాయంత్రం టీవీ పట్టిక మడిచి పుస్తకంలో పెట్టేసి కొత్త కాగితం తీశారు. పైన ‘మోటారు రంపం’ అని రాశారు.

“యంత్రానికి ఈ పట్టింపులుండవు,” అన్నారు నాతో. వెంటనే గొంతు పెంచి, వసారాలో ఉన్న అత్తయ్యగారికి వినపడేట్టు, “ఏటా కొమ్మలు కొట్టించడానికి వీళ్ళ కాళ్ళు పట్టుకోలేక చస్తున్నాం. కొమ్మలకి ఓ మిషను కొనేస్తే పోలా!” అన్నారు.

“కొనుక్కో నాయనా,” అన్నారు అత్తయ్యగారు.

అత్తయ్యగారంటే అమృతమ్మగారు, మా మామగారి అక్క. వరస ప్రకారం నాకు దొడ్డమ్మ. కానీ మా ఇంట్లోనూ, వీధిలోనూ, ఆఖరికి కూరల బండివాడికీ ఆవిడ అత్తయ్యగారే. పంతొమ్మిదో ఏట భర్త పోయి పుట్టింటికి వస్తే, వాళ్ళ నాన్నగారు దొడ్లోకి తీసుకెళ్ళి నడుమెత్తున్న పెద్దరసం మామిడి మొక్క చూపించి, “నేల తమ్ముడిది, చెట్టు నీది” అన్నారట. కాగితం లేదు, సాక్షి లేడు. అయినా యాభై ఏళ్ళుగా ఆ చెట్టు కాయని ఇంట్లో ఇంకెవరూ అమ్మలేదు. చైత్రంలో కాయల బేరగాడు వస్తే మిగతా పది చెట్లకీ మా వారితో మాట్లాడేవాడు. పదకొండో దానికి ఆవిడ చెట్టు కింద పీట వేసుకుని కూర్చునేవారు. మా వారి బేరం ఐదు నిమిషాల్లో ముగిసేది. ఆవిడది రెండు రోజులు పట్టేది.

ఆ డబ్బుతో ఆవిడ ఏం కొనుక్కునేవారంటే, పెద్దగా ఏమీ లేదు. కార్తీకంలో నెయ్యి, భద్రాచలం బస్సు, ముక్కుపొడుం, తలనొప్పి మాత్రలు. అయితే నేను కాపరానికొచ్చిన పన్నెండేళ్ళలో ఆవిడ ఈ ఇంట్లో ఎవర్నీ ఏదీ అడగగా నేను వినలేదు. ఆ చెట్టు పోతే తలనొప్పి వచ్చిన ప్రతిసారీ ఆవిడ మా వారి దగ్గరికి వచ్చి నిలబడాలి.

ఆవిడ గురించి ఇంకొక్కటి చెప్పాలి. ఆవిడ అబద్ధమాడరు. మా వారికి పన్నెండో ఏడు నిండిన వారానికి రైల్లో తీసుకెళ్తూ, అరటిక్కెట్టు చూసి టీసీ ముందుకు వెళ్ళిపోతూంటే, వెనక్కి పిలిచి మరీ, “బాబూ, వీడికి మొన్న మంగళవారం పన్నెండు నిండాయి” అని మిగతా సగం కట్టిన మనిషి. మా వారు ఈ కథ నాకు పెళ్ళయిన నెలలోనే చెప్పారు. గర్వంగానా, బాధతోనా అన్నది నాకిప్పటికీ తేలలేదు.

రంపాల పట్టిక వారం రోజుల్లో తయారైంది. ఓ మధ్యాహ్నం బల్ల తుడుస్తూ ఆ కాగితం తిరగేశాను. వెనక ఓ ఇంటి ప్లాను: రెండు గదులు, వంటిల్లు, చిన్న వరండా. గడికి అడుగు చొప్పున స్కేలు. మా దొడ్డి మూల. తూర్పు గది నట్టనడుమ పెన్సిలుతో ఓ సున్నా. మా వారు నిక్కచ్చి మనిషి, ఏదీ వదిలిపెట్టరు. కొట్టెయ్యబోయే చెట్టుని కూడా కొలతకి గీశారు. పక్కన చిన్నక్షరాలతో ‘అద్దె వాటా’ అని రాసుంది.

కాగితం యథాస్థానంలో పెట్టాను. పూలు కట్టే దారం తీసుకుని దొడ్లోకి వెళ్ళాను.

నేను విజయవాడలో బి.ఏ. చదివాను, తెలుగు ప్రత్యేకంగా. కానీ పన్నెండేళ్ళు లెక్కల మేష్టారితో కాపరం చేశాక ఎవరికైనా కొంత అంటుకుంటుంది. దారం చెట్టు చుట్టూ తిప్పి స్కేలుతో కొలిస్తే ఎనభై నాలుగు అంగుళాలు. ఇరవై రెండు బై ఏడుతో భాగిస్తే అడ్డకొలత ఇరవై ఆరూ ముప్పావు. దారం చుట్టుకుంటూ లోపలికి వస్తుంటే వసారాలో అత్తయ్యగారు మాల తిప్పుకుంటూ కనిపించారు.

“మల్లెలు అంత ఎత్తున పూస్తున్నాయా అమ్మాయ్?”

“దారం చిక్కు పడిందండీ. చెట్టుకి చుట్టి తీశాను.”

“ఊఁ,” అన్నారావిడ. మాల ఆగలేదు.

జూన్ మొదటి వారంలో రంపం చూడడానికి హనుమాన్ జంక్షన్ వెళ్ళాం. మా వారొక్కరే వెళ్ళాల్సింది. బస్సెక్కే ముందు రోజు అత్తయ్యగారు, “నేనూ వస్తాను. స్వామి దర్శనం చేసుకుని చాలా రోజులైంది,” అన్నారు. ఆవిణ్ణి పట్టుకోవడానికి నేను. టిక్కెట్లు మూడయ్యాయి. పట్టికలో ఈ ఖర్చుకి గడి లేదు.

లారీలు బారులు తీరిన రోడ్డు పక్కన సువర్ణరాజు షాపు. పంపుసెట్లూ ఆయిలింజన్లూ బాగుచేస్తాడు. చేతులకి ఎప్పుడూ గ్రీజే కాబట్టి నమస్కారం మోచేతులతో పెట్టేవాడు. మూడు రంపాలు వరసగా గోనెపట్టా మీద పెట్టి ఉంచాడు.

“ఇది కొత్తదండి. బెజవాడ నుంచి తెప్పించాను. బ్లేడు ఇరవై అంగుళాలు.” ధర చెప్పాడు. ఆ డబ్బుకి స్కూటరు వస్తుంది. మా వారు ఆ గడిలో ముందే చిన్న ఇంటూ పెట్టుకుని వచ్చారు.

“ఇది ఓ కలప కాంట్రాక్టరు వాడిందండి. పద్దెనిమిది అంగుళాలు. ఇంజను నేనే విప్పి చూశాను, ఇంకో పదేళ్ళు తిరుగుద్ది.” ధర అందులో సగం. మా వారి కళ్ళు దానిమీదే నిలిచాయి.

“మూడోది?” అన్నాను.

“అది ఆడుకునేదండి,” అని నవ్వాడు సువర్ణరాజు. “మా బావ ఓడలో పన్జేస్తాడు. సింగపూర్లో చవగ్గా వచ్చిందని పట్టుకొచ్చాడు. పద్నాలుగు అంగుళాలు. చిన్న టీవీ ధరకి ఇచ్చేస్తానండి.”

మా వారు అప్పటికే రెండో రంపం చేతిలోకి తీసుకుని బరువు చూస్తున్నారు. ఆ మొహంలో ఉన్న వెలుగు నేను మా పెళ్ళిలో చూశానో లేదో చెప్పలేను, తెర అడ్డంగా ఉంది.

“ఏమండీ, కొమ్మలకే కదూ?” అన్నాను.

“ఊఁ... కొమ్మలకే.”

“మన చెట్లలో పద్నాలుగు అంగుళాలు దాటిన కొమ్మ ఏదండీ?”

ఆయన నా వంక చూశారు. నా పక్కన ముక్కాలిపీట మీద, ఒళ్ళో కొబ్బరిచిప్పతో, నుదుట స్వామి సిందూరంతో అత్తయ్యగారు కూర్చున్నారు. ఆవిడా ఆయన వంకే చూస్తున్నారు.

“భవిష్యత్తులో అవసరం రావచ్చు,” అన్నారు మా వారు.

“భవిష్యత్తులో మాత్రం కొమ్మలు కాక మనం ఇంకేం కోస్తామండీ?”

సువర్ణరాజు అమాయకుడు. “అమ్మగారన్నది నిజవేనండి. కొమ్మలకైతే ఇది చాలండి. బరువూ తక్కువే. నిచ్చెనెక్కి పట్టుకోవాలి కదా మరి!”

మా వారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తిరిగి పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు. అద్దె వాటా సంగతి ఎత్తకుండా పద్దెనిమిది అంగుళాలు అడిగే దారి ఎంత వెతికినా దొరకలేదు. “సరే, చిన్నదే ఇవ్వవయ్యా,” అన్నారు.

నేను లోపల్లోపల ఓ కొబ్బరికాయ కొట్టుకున్నాను.

సువర్ణరాజు తాడు లాగి మిషను స్టార్టు చేసి, ఓ సరుగుడు దుంగ కోసి చూపించాడు. చప్పుడు ఆగాక అత్తయ్యగారు మొదటిసారి నోరు విప్పారు.

“అబ్బాయ్, దీనికి దేనికి భయం?”

“ఏంటండీ?”

“ప్రతిదానికీ ఏదో ఒకదానికి భయముంటుంది కదా. దీనికి?”

“ఓ, అదాండీ! ఇనుమండి. చెట్లో మేకు గానీ ఉండి తగిలిందా, చైను పళ్ళు రాలిపోతాయండి. తెగి ఎగిరిందంటే మొహం పగుల్తుంది. మీదాంట్లో ఇంకో తిరకాసు కూడా ఉందండి, ఈ సైజు చైను ఇక్కడ దొరకదు. మా బావ మళ్ళీ ఓడ దిగాలి.”

“పాపం,” అన్నారు అత్తయ్యగారు. రంపాన్నన్నారో, ఓడమీద ఉన్న బావనన్నారో తెలీదు. కొబ్బరిచిప్ప చిన్న ముక్క చేసి సువర్ణరాజు చేతిలో పెట్టారు.

స్కూళ్ళు తెరిచేలోగా మా వారు పది చెట్ల కొమ్మలూ కొట్టేశారు. చెవుల్లో దూది, కళ్ళకి మా మరిది నల్లద్దాలు, తలకి తువ్వాలు. ఆటోరిక్షా చెట్టెక్కినట్టుండేది చప్పుడు. టీవీలున్న నాలుగిళ్ళ వాళ్ళతో సహా వీధంతా మా దొడ్లో చేరింది. ఓ కొమ్మ వెళ్ళి స్నానాలగది రేకు మీద పడింది. ఇంకోటి నేను ఆరేసిన చీర మీద పడింది. అవి తప్ప పని బాగానే జరిగింది. నేనైతే మా వారిని అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు. టీవీ కొనుంటే ఇంత సందడి ఉండేది కాదని ఒప్పుకోవాలి.

పక్కింటి నాగేంద్రమ్మగారు గోడ మీంచి వంగి, “మేష్టారూ, ఆ చేత్తోనే మా పనస చెట్టుకి కూడా ఆ కింద మోడు తీసేద్దురూ!” అన్నారు.

ఆ వేళ చైను బిగించడానికొచ్చిన సువర్ణరాజు గోడ దాకా వెళ్ళి చెట్టుని చూశాడు. “మేకులు గానీ ఉన్నాయాండీ?”

“ఎందుకుండవు? కాపు నిలవట్లేదని మా అత్తగారు మూడో నాలుగో కొట్టించింది కదా. ఆ మరుసటేడే తొమ్మిది కాయలు!”

“అయితే మేం దాని జోలికి రామండి,” అన్నాడు సువర్ణరాజు.

మా వైపు కాయని చెట్టుకి మేకు కొట్టడం కొత్తేమీ కాదు. చెప్పులు కట్టినా, తిట్టినా, గొడ్డలి చూపించి బెదిరించినా మాట వినని చెట్టుకి ఆఖరి మందు అదే. అత్తయ్యగారు బట్టలుతికే రాయి మీద కూర్చుని మాల తిప్పుకుంటూ ఇదంతా విన్నారు.

వెళ్ళేముందు సువర్ణరాజుని మా వారు దొడ్డి మూలకి తీసుకెళ్ళారు. నేను మజ్జిగ గ్లాసులు పట్టుకుని వెనకే వెళ్ళాను.

“పద్నాలుగు అంగుళాలతో ఇది కాదేమో కదా?” అని మెల్లిగా అడుగుతున్నారు.

“ఎందుక్కాదండీ? ఇటొకసారి అటొకసారి, రెండు వైపుల్నించీ కొయ్యాలి. ఇరవై ఎనిమిది అంగుళాల దాకా పడిపోద్ది. తాళ్ళూ మనుషులూ నేను తెస్తాను, ఆదివారం పెట్టుకోండి.”

మజ్జిగ ఇచ్చేసి లోపలికి వచ్చాను. ఇరవై ఎనిమిదిలోంచి ఇరవై ఆరూ ముప్పావు తీసేస్తే అంగుళంబావు. ఎంతో జాగ్రత్తగా చేసిన పని అంగుళంబావుతో పోయింది. చెట్టుకి రెండో వైపు ఉంటుందని బి.ఏ. చదివినదానికి తట్టలేదు.

ఆ శనివారం రాత్రి గదిలో మా వారితో అన్నాను, “ఆవిడకి అదొక్కటే ఉందండీ.”

“నెలనెలా నేనిస్తాను కదా. చెట్టు ఇచ్చేదానికన్నా ఎక్కువే ఇస్తాను. లెక్క వేశాను కూడా,” అన్నారు. నిజంగానే వేశారు. పూత రాలిన ఏళ్ళు కూడా సగటులో కలిపారు. ఆయన చెడ్డవారు కాదు. ఆయన లెక్కలో తప్పు కూడా లేదు.

ఆదివారం పొద్దున కాఫీ దగ్గర ఆయన గొంతు సవరించుకున్నారు.

“అత్తయ్యా, ఆ మూల చెట్టు ముసలిదైపోయింది. ఇంటిమీదికి ఒరిగింది. గాలివానకి పడిందంటే పెంకులన్నీ పోతాయి.”

“ముసలిదయింది నిజమే. నాకన్నా పంతొమ్మిదేళ్ళు చిన్నది.”

“నీ ఖర్చులకి లోటు రానివ్వను. ఏం కావాలన్నా నన్నడుగు, ఇస్తాను.”

“ఇస్తావు నాయనా,” అన్నారావిడ. “అడిగితే ఇస్తావు.”

గ్లాసు కడిగి బోర్లించి, మాల తీసుకుని దొడ్లోకి వెళ్ళి తన రాయి మీద కూర్చున్నారు. అప్పటికే సువర్ణరాజు మనుషులు ఇద్దరు చెట్టెక్కి తాళ్ళు కడుతున్నారు. వీధి సగం వచ్చేసింది. యలమంద కూడా వచ్చాడు, గొడ్డలి లేకుండా, చేతులు కట్టుకుని గోడవతల నిలబడ్డాడు.

సువర్ణరాజు తాడు లాగాడు. మొదటిసారి అంటుకోలేదు. రెండోసారి అంటుకుంది. బ్లేడు బెరడుకి రెండడుగుల దూరంలో ఉండగా అత్తయ్యగారు చెయ్యెత్తారు. రైల్లో టీసీని పిలిచినప్పుడు కూడా అలాగే ఎత్తి ఉంటారు.

“ఒరే నరసింహం, ఒక్క నిమిషం ఆపించు.”

మిషను ఆగింది.

“దాంట్లో మేకులున్నాయిరా.”

“ఏ మేకులు?”

“లాడం మేకులు. ఈ చెట్టు మొదట్లో రెండేళ్ళు కాయలేదు. నువ్వప్పటికి పుట్టలేదులే.”

“తాతయ్య కొట్టించాడా? ఎన్ని?”

“ఏడో ఎనిమిదో.”

“ఎక్కడ?”

“ఎక్కడని చెప్పను? చెట్టు మింగేస్తుంది కదా. ఈ పాటికి లోపలెక్కడో ఉంటాయి.”

సువర్ణరాజు రంపాన్ని పసిపిల్లని దించినట్టు మెల్లిగా కింద పెట్టేశాడు. “మేష్టారూ, నా వల్ల కాదండి. ఒక్క మేకంటేనే భయం, ఏడో ఎనిమిదో అంటున్నారు.”

మా వారు చెట్టు చుట్టూ ఓ ప్రదక్షిణం చేశారు. అరచేత్తో బెరడు తడిమారు. వంగి చూశారు. “పోనీ, ఇంకా పైనుంచి కోద్దామా? మనిషెత్తు పైనుంచి?”

“కొట్టినవాడు నిచ్చెన వేసుకున్నాడో లేదో నేను చూళ్ళేదు నాయనా,” అన్నారు అత్తయ్యగారు.

నిజమేనా అత్తయ్యా అని ఆయన అడగలేదు. వీధిలో ఎవరూ అడగలేదు. ఆవిణ్ణి అడగవలసిన ప్రశ్న కాదది. గోడవతల యలమంద మాత్రం చేతులు విప్పి, తలపాగా సర్దుకుని, నవ్వు కనపడకుండా అటు తిరిగి వెళ్ళిపోయాడు.

తర్వాత సంగతి తొందరగా చెప్పేస్తాను. అద్దె వాటా మరుసటేడు వీధివైపు కట్టాం, బ్యాంకు గుమాస్తా ఒకాయన దిగాడు. రంపం మా వీధిలో అందరి కొమ్మలూ కొట్టి కొట్టి, చైను మొద్దుబారి, సువర్ణరాజు బావ ఓడ కోసం ఎదురుచూస్తూ అటకెక్కింది. టీవీ ఎనభై ఎనిమిదిలో వచ్చింది. ఆ ఏడే పెద్దరసం విరగకాసింది, కొమ్మలకి ఊతకర్రలు పెట్టాల్సి వచ్చింది. రంపం చప్పుడుకి భయపడి కాసిందని నాగేంద్రమ్మగారన్నారు. మా వారు మాత్రం పాత మేకుల తుప్పు వేళ్ళకి దిగి చెట్టుకి ఇనుము అందిందని, బోర్డు లేకపోయినా ఉన్నట్టే చెయ్యి తిప్పుతూ వీధికంతా పాఠం చెప్పారు. నేను బుద్ధిగా విన్నాను.

నేను చెప్పదలచుకున్నది మాత్రం ఆ ఆదివారం తర్వాతి సోమవారం గురించి.

ఆదివారం మధ్యాహ్నం అత్తయ్యగారు భోజనం చెయ్యలేదు. రాత్రి ఉప్పుడుపిండి చేస్తే వద్దన్నారు. ఏకాదశి కాదు. అలసిపోయి ఉంటుందిలే అన్నారు మా వారు. సోమవారం ఆయన స్కూలుకి వెళ్ళగానే ఆవిడ చెప్పులేసుకుని ఎటో వెళ్ళి అరగంటలో తిరిగొచ్చారు. నేను పప్పు దించుతున్నాను.

“అమ్మాయ్, సుత్తి ఉందా ఇంట్లో?”

“దేనికండీ?”

ఆవిడ చీర కొంగు ముడి విప్పారు. అందులో పొడుగాటి మేకులున్నాయి. బస్టాండు దగ్గర గుర్రాలకి లాడాలు కొట్టేవాడి దగ్గర తెచ్చారట. ఎనిమిది.

నేను కాసేపు మేకుల్నీ, కాసేపు ఆవిణ్ణీ చూశాను.

“రెండేళ్ళు కాయలేదన్నది నిజమే,” అన్నారావిడ, నేనేదో అడిగినట్టు. “మొక్క నడుమెత్తుంటే ఏం కాస్తుంది? మేకుల సంగతే కాస్త ముందుగా చెప్పాను.”

సుత్తి తీసుకుని వెనకాలే వెళ్ళాను. చెట్టుకి గోడవైపు, నేల నుంచి మూరెడెత్తులో, ఎవరికీ కనపడని చోట ఓ మేకు ఆనించి పట్టుకున్నారు. నేను సుత్తి ఎత్తబోతే ఆపారు.

“ఇటియ్యి. మొదటి దెబ్బ నాది.”

యలమంద మాటలు ఆవిడ వసారాలోంచి విన్నారన్నమాట. ఎంత విన్నారో అప్పుడర్థమైంది. ఒక దెబ్బ వేశారు. మరీ గట్టిది కాదు, మరీ మెత్తనిదీ కాదు. సుత్తి నాకిచ్చేశారు.

“నువ్వు దారం చుట్టిన రోజే అనుకున్నాను,” అన్నారు, రెండో మేకు అందిస్తూ. “రంపం చిన్నదైతే ఆగుతాడా వాడు? లెక్కలవాడు.”

“రెండోవైపు నాకు తట్టలేదండీ.”

“పోనీలే. చిన్నది కొనిపించావు కాబట్టేగా, చైను దొరకదన్నాడు.”

అంతకు మించి మేమిద్దరం ఆ విషయం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మేకు మేకుకీ కొంచెం జిగురు ఊరింది. ఆవిడ దాన్ని కొంగుతో అద్ది తుడిచారు. ఏడు మేకులు తల దాకా దిగాయి. ఎనిమిదోది నా చెయ్యి జారో, లోపల కణుపు తగిలో, సగం దిగి వంగిపోయింది. ఎంత కొట్టినా ముందుకి పోదు, ఎంత లాగినా బయటికి రాదు.

“దీన్ని లెక్కలో కలపాలాండీ, వద్దా?” అన్నాను.

ఆవిడ వంగి కళ్ళు చికిలించి ఆ వంకర మేకుని చాలాసేపు చూశారు.

“నిన్న నేనెన్నని చెప్పాను?”

“ఏడో ఎనిమిదో అన్నారు.”

“మరింకేం,” అన్నారు అత్తయ్యగారు. నడుం పట్టుకుని లేచి, చేతులు దులుపుకున్నారు. “పద, అన్నం పెట్టు. ఆకలేస్తోంది.”